ఎక్కడ అని రాస్తాను, యాడ అని పలుకుతాను

"రేడియోలో మాట్లాడాలంటే ఏం చదవాలవ్వా?" అని అడుగుతూ పెనుకొండలో మా ఇంటికి అప్పుడప్పుడు పిల్లలు వస్తుంటారు. కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తాను. నీళ్ళ మజ్జిగే. పెరుగు ఖర్చుపెట్టి చెప్పాల్సినంత రహస్యం ఈ పనిలో ఏమీ లేదు. వాళ్ళు ఫోన్లు తీసి నా మాటలు రికార్డు చేసుకుంటారు, ఇంటికి పోయి వినరు. అందుకే రాసి పెడుతున్నాను. చదవకపోయినా పొయ్యి రాజేసుకోవడానికన్నా పనికొస్తుంది.

నా పేరు సుంకమ్మ. నేను చదివింది మూడో తరగతి. అక్కడ నేర్చుకొని ఇప్పటిదాకా నిలబెట్టుకున్నది ఒక్కటే: రాసేటప్పుడు ‘ఎక్కడ’ అని రాయాలి, పలికేటప్పుడు ‘యాడ’ అనొచ్చు. పలక మీద ‘యాడ’ అని రాసినందుకు అయ్యవారు నా చెవి మెలిపెట్టినాడు. ఆ చెవికే హెడ్‌ఫోన్ తగిలించుకొని తర్వాత ఇన్నేళ్ళు బతికినాను.

పని చేసింది కొండ కింద ఉన్న చిన్న రేడియోలో. మధ్యాహ్నం పూట ఫోన్లు ఎత్తి జనంతో మాట్లాడే కార్యక్రమం, ‘మధ్యాహ్నం మాట’. మా టవరు చిన్నది. గాలిలో మా గొంతు కొండ చుట్టూ ఉన్న ఊళ్ళకే పోతుంది. హిందూపురం వాళ్ళు, ధర్మవరం వాళ్ళు ఫోన్లో ఇంటర్నెట్ పెట్టుకొని వింటారు. ఈ సంగతి మరిచిపోవద్దండి, ముందర పనికొస్తుంది.

జీతమెంత, ప్రమోషన్ ఎప్పుడు అని అడగొద్దండి. మొదటిది చెప్పుకునేటంత లేదు, రెండోది రాలేదు.

తిట్టడానికి పోయి

మా వీధికి మంగళవారం నీళ్ళ ట్యాంకరు వస్తుందని రేడియోలో చెప్పినారు. బిందెలు వరసగా పెట్టుకొని కూర్చున్నాం. మధ్యాహ్నమయింది, ట్యాంకరు లేదు. ఖాళీ బిందె ఒకటి చంకన పెట్టుకొని నేరుగా రేడియో ఆఫీసుకు పోయినాను.

ఖాదర్ సార్ దానికి మేనేజరు. అంతకుముందు హిందూపురంలో ఆయనకు క్యాసెట్ల అంగడి ఉండేది. క్యాసెట్లు పోయినాక సీడీలు పెట్టినాడు, సీడీలు పోయినాక పెన్‌డ్రైవులు పెట్టినాడు, అవీ పోయినాక రేడియోకి వచ్చినాడు. ఏది పోయేటట్లుందో చూసి అందులో చేరే గుణం ఆయనది. మనిషి మాత్రం బంగారం.

"ఏమప్పా, మంగళవారం ట్యాంకరు వస్తాదంటిరి గదా. యాడ?" అని అడిగినాను.

"అవ్వా, అది పోయిన వారం చదవాల్సిన వార్త. పొరపాటున ఈ వారం చదివినారు."

"పోయిన వారం నీళ్ళు ఈ వారం తాగేదానికి మేము ఒంటెలమనుకుంటివా?"

ఇంకా చాలా అన్నాను. ఆయన వెనక గాజు తలుపు తెరిచి ఉందని, లోపల మైకు పని చేస్తూ ఉందని నాకు తెలియదు. ఆ సాయంత్రం జనం ఫోన్లు చేసి, "ఆ అవ్వ మల్ల ఎప్పుడొస్తాది?" అని అడిగినారంట. మరునాడు ఖాదర్ సారే మా ఇంటికి వచ్చినాడు.

నన్ను పనిలోకి తీసుకున్నది చదువు చూసి కాదు, కోపం చూసి. ఇప్పుడు పిల్లలు రంగు కాగితాల మీద బయోడేటాలు పంపుతున్నారు. అందులో కోపం ఏ గడిలో రాయాలో తెలియదు, పాపం.

మాట్లాడే పని కాదు

ఈ పనిలోకి వచ్చేవాళ్ళందరూ మాట్లాడటానికి వస్తారు. అక్కడే తప్పు. మాట్లాడేది ఫోను చేసినవాళ్ళు. మనం చేసేది ఊఁ కొట్టడం. కథ చెప్పేటప్పుడు ఎదురుగా ఒకరు ఊఁ కొట్టకపోతే కథ ఎట్లా ముందుకు పోదో, ఫోను కూడా అంతే.

రొద్దం పక్క నుంచి గొర్రెల కాపరి ఒకడు ఫోను చేసేవాడు. "అవ్వా, నేనే" అనేవాడు. అంతే, ఇంక మాట్లాడడు. వెనకాల గొర్రెల మెడలోని గంటలు వినపడేవి. నేను "ఊఁ" అనేదాన్ని. కాసేపటికి, "ఏం లేదవ్వా, ఊరికే" అని పెట్టేసేవాడు.

ఖాదర్ సార్ గాజు అవతల చేతులు ఊపేవాడు. "ఆయప్ప ఒక్క మాటన్నా మాట్లాడలేదు గదవ్వా, గాలంతా వృథా" అనేవాడు.

"మాటలు తెప్పించుకునేదానికి దుడ్లు కావాల సార్. గాలి ఊరికే వచ్చేదే గదా" అనేదాన్ని.

కొన్నాళ్ళకు ఆ కాపరే, తన మందలో గొర్రెలకు ముందు కాళ్ళు తూలుతున్నాయని, నురగ పడుతోందని మెల్లగా చెప్పినాడు. చుట్టుపక్కల మందల వాళ్ళందరూ విన్నారు. పశువుల డాక్టరూ విన్నాడు. మొదటి రోజే ‘తొందరగా చెప్పప్పా’ అని ఉంటే ఆ మనిషి ఇంకెప్పుడూ చేసేవాడు కాదు.

ఊఁ కొట్టక ముందు ఒక్క ప్రశ్న మాత్రం ప్రతి ఫోనుకూ అడిగేదాన్ని. "యాడి నుంచి మాట్లాడతాండావు?" దానికి ఎవరూ వట్టి ఊరి పేరు చెప్పరు. ధర్మవరం వాళ్ళు "మగ్గం గుంతలో ఉండానవ్వా" అంటారు. చెన్నేకొత్తపల్లి వాళ్ళు "టమాటా లోడు మీద ఉండా" అంటారు. మనిషి ఎక్కడ కూర్చొని మాట్లాడుతున్నాడో తెలిస్తే సగం సంగతి తెలిసినట్లే.

ఇంకొకటి. స్టూడియోలో నేను ఫ్యాను ఆపేసేదాన్ని. శబ్దం రాకూడదని ఆపుతున్నానని అందరూ మెచ్చుకునేవాళ్ళు. కరెంటు బిల్లు కోసమని నేను ఎవరికీ చెప్పలేదు.

బెంగుళూరు నుంచి పేరు వచ్చింది

మాకు అంతవరకు సరైన పేరే లేదు. కాగితాల్లో ఏదో పొడుగు పేరు ఉండేది, జనం ‘కొండ కింద రేడియో’ అనేవాళ్ళు. వినేవాళ్ళు తగ్గిపోతున్నారు, యాడ్‌లు ఇచ్చేవాళ్ళు తగ్గిపోతున్నారు అని ఖాదర్ సార్ దిగులు పడి, బెంగుళూరు నుంచి వరుణ్ అనే ఆయనను పిలిపించినాడు. రేడియోలకు, హోటళ్ళకు, చెప్పుల అంగళ్ళకు బ్రాండు కట్టడం ఆయన పని. నల్ల చొక్కా, తెల్ల బూట్లు, మంచి మర్యాద. ఆయనకు తిట్లు తినే యోగం మాత్రం లేదు, ఏమన్నా నవ్వుతాడు.

"అవ్వా, బ్రాండ్ అంటే ఒక ఫీలింగ్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బ్రాండు అనేది పశువులకు వేసే గుర్తు నుంచి వచ్చిన మాట అని తర్వాత ఎవరో చెప్పినారు. మేమూ గొర్రెల వీపు మీద రంగు పూస్తాం, తప్పిపోతే కనుక్కోవడానికి. రేడియో ఉన్నచోటే ఉంది కదా, ఎవరు కనుక్కోవాల?

మాకు పెట్టిన పేరు ‘టక్‌టాక్ రేడియో’. దాని కింద, ‘మాటకు మసాలా’. నారింజ రంగు, ఊదా రంగు. వినే వస్తువుకు రెండు రంగులెందుకప్పా అంటే, "కప్పుల మీద వేస్తాం అవ్వా" అన్నాడు. నిజంగానే అందరికీ తలా ఒక కప్పు ఇచ్చినాడు. నాది ఇంకా వాడలేదు, ఉప్పు పోసి పెట్టినాను. ధర్మవరం వాళ్ళకు మాత్రం ఆ పేరు బాగా నచ్చింది. "అవ్వా, మా మగ్గం చప్పుడు మీద పెట్టినారా పేరు?" అని ఫోన్లు చేసినారు.

తర్వాత నాకు పాఠం మొదలైంది. నవ్వుతూ మాట్లాడాలంట, నవ్వు రేడియోలో వినపడుతుందంట.

"నాకు పైపళ్ళు లేవు నాయనా, గాలి వినపడతాది" అన్నాను.

ఆయన రాసి ఇచ్చిన పుస్తకంలో ఎర్ర అక్షరాలతో ఒక సూత్రం ఉంది. రేడియోలో ఒక్క క్షణం కూడా ఖాళీ ఉండకూడదు. మాట ఆగిందంటే పాట, పాట ఆగిందంటే యాడ్. నిశ్శబ్దం వచ్చిందంటే వినేవాడు వేరేచోటికి పోతాడు. నేను నా కాపరి సంగతి చెప్పినాను. వరుణ్ శ్రద్ధగా విని, "సూపర్ స్టోరీ అవ్వా, దీన్ని ముప్పై సెకన్లకు కుదిద్దాం" అన్నాడు.

మిషను నేర్చుకుంటా ఉంది

ఖాళీ లేకుండా చేయడానికి ఒక మిషను వచ్చింది. పెట్టె ఏమీ కాదు, కంప్యూటర్‌లోనే ఉంటుంది. మన మాటలు వింటూ ఉంటుందంట. స్టూడియోలో ‘యాడ్’ అనే మాట వినపడితే చాలు, దానంతట అదే ఒక యాడ్ వేస్తుందంట. మీట నొక్కే మనిషి అవసరం లేదు. ఒక జీతం మిగులు అనగానే నాకు కూడా నచ్చింది, అబద్ధమెందుకు.

దాన్ని అమర్చింది మంజునాథ్. రొద్దం పిల్లోడే. బెంగుళూరులో కంప్యూటర్ల పని చేసి, పెళ్ళయినాక ఇటు తిరిగి వచ్చినాడు. పనిమంతుడు. కానీ నోట్లో నుంచి మా పక్క మాట ఒక్కటి రాదు. "అవ్వా, మీరు భోజనం చేశారా?" అంటాడు. వాళ్ళమ్మ ఫోను చేస్తే మాత్రం లేచి మెట్ల కిందికి పోయి మాట్లాడేవాడు. అత్తాకోడళ్ళ గొడవేమో అనుకొని నేను అడగలేదు.

మిషనుకు పరీక్ష పెట్టిన రోజు మంజు పక్క గదిలో కూర్చొని ఫోను చేసినవాడిలా నటించినాడు. "నమస్కారం. నేను ఎక్కడి నుండి మాట్లాడుతున్నానంటే, పెనుకొండ నుండి. ఎరువులు ఎక్కడ దొరుకుతాయో తెలుపగలరు." మిషను బుద్ధిగా ఊరుకుంది. "ఇప్పుడు యాడ్" అన్నాడు. టక్కున చీరల అంగడి యాడ్ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టినారు. ఖాదర్ సార్ మైసూరుపాక్ పంచినాడు. నా ముక్క నేను కాగితంలో చుట్టుకున్నాను, మనవరాలి కోసం.

మరునాడు మధ్యాహ్నం మొదటి ఫోను వచ్చింది. "చెప్పబ్బా, యాడి నుంచి మాట్లాడతాండావు?" అన్నాను. అతను నోరు తెరవకముందే బోరు మోటార్ల యాడ్ వచ్చింది. రెండో ఫోను ఎత్తినాను, అదే ప్రశ్న అడిగినాను. ముగ్గులపిండి యాడ్. విత్తనం యాడ దొరుకుతాదని ఒకాయన అడిగితే మొలల మందు యాడ్.

"ఇది ఎందుకు ఇట్ల చేస్తాంది నాయనా?" అని మంజును అడిగితే, "అది నేర్చుకుంటూ ఉంది అవ్వా, ఎప్పుడు వేయాలో దానికే తెలుస్తుంది" అన్నాడు.

నేర్చుకోనీలే అనుకున్నాను. నాకూ ఎవరో ఒకరు ఓపిక పట్టే కదా నేర్పింది.

వరుణ్ బెంగుళూరు నుంచి ఫోను చేసి ఖాదర్ సార్‌ను మెచ్చుకున్నాడు. ప్రతి ఫోనుకూ మొదటే ఒక యాడ్ పోతోందంట, ఇంత తెలివిగా పని చేసిన స్టేషన్ ఆయన చూడలేదంట. యాడ్‌లు ఇచ్చేవాళ్ళు సంతోషపడినారు. ఫోన్లు చేసేవాళ్ళు తగ్గినారు. ఆ రెండో సంగతి కొలిచే మిషను మా దగ్గర లేదు.

మాబున్ని ఫోను

ఆ వారంలోనే ధర్మవరం నుంచి మాబున్ని అనే ఆమె ఫోను చేసింది. పట్టునూలు చుట్టే పని చేస్తుంది. గొంతు విన్నప్పుడే తెలిసింది, ఏడ్చి ఏడ్చి ఫోను పట్టుకుందని.

"అవ్వా, మా నాయన హుసేనప్ప. మతిమరుపు వచ్చి ఉండాది. పొద్దున టీ తాగి బయట కూర్చున్నాడు, సూస్తే లేడు. రైలెక్కినాడని స్టేషన్ కాడ ఎవరో చెప్పినారు. యాడ దిగినాడో, యాడ..."

టింగుమని మోగింది. "మీ ఇంట్లో పాతబడినవి ఉన్నాయా? తెచ్చి ఇచ్చేయండి, కొత్తవి పట్టుకెళ్ళండి! కుక్కర్లు, మిక్సీలు..."

యాడ్ అయిపోయేదాకా నేను ఊరుకోవాల్సి వచ్చింది. అయిపోగానే, "చెప్పమ్మా మాబున్నీ, ఉండాను, ఇంటాండాను. కడాపటికి యాడ కనపడినాడు?" అన్నాను.

అన్నది నేనే. వచ్చింది మొలల మందు. "కూర్చోలేక బాధపడుతున్నారా?"

అది ఆగేసరికి మాబున్ని గొంతు మారిపోయింది. "ఏమవ్వా, మా నాయన కోసరం నేను అంగలారస్తాంటే మీరు మొలల మందు అమ్ముకుంటాండారా?"

నోరు తెరిస్తే ఏమొస్తుందో అని భయం వేసింది. ఈ పనిలో మాట్లాడటానికి నేను భయపడింది ఆ ఒక్కసారే.

మంజు లోపలికి పరిగెత్తుకొని వచ్చినాడు. టేబులు కింద దూరి వైర్లన్నీ పీకి చూస్తున్నాడు, చెమటలు కారుతున్నాయి. మైకు తెరిచే ఉంది. "యాడుండాది దీని వైరు! యాడ సచ్చింది దీనెమ్మ!" అని అరిచినాడు.

టింగ్. "మీ మాట విని నలుగురూ నవ్వుతున్నారా? సిగ్గుపడకండి! నేడే మా ఇంగ్లీషు క్లాసులో చేరండి!"

మంజు టేబులు కింద అట్లే ఉండిపోయినాడు. తల మాత్రం బయటికి పెట్టి నన్ను చూసినాడు.

"అవ్వా," అన్నాడు మెల్లగా, మైకు వైపు భయంగా చూస్తూ, "నేను ఏమంటిని?"

నేను మైకును చేత్తో మూసి చెప్పినాను. వాడు తల కొట్టుకున్నాడు. మిషనుకు తెలివీ లేదు, పాడూ లేదు. మనం ‘యాడ’ అన్నప్పుడల్లా అది ‘యాడ్’ అని విని, చెప్పిన పని చేస్తోంది. పరీక్ష రోజు వీడు ‘ఎక్కడ, ఎక్కడ’ అంటూ పుస్తకంలా మాట్లాడినాడు కాబట్టి బయటపడలేదు. మెట్ల కిందికి పోయి వాళ్ళమ్మతో మాట్లాడే మాట ఒక్కసారి స్టూడియోలో మాట్లాడి ఉంటే మొదటి రోజే దొరికేది.

"‘ఎక్కడ’ అనండి అవ్వా, ఆమెను కూడా అట్లే అనమనండి. అప్పుడు రాదు" అన్నాడు.

చెప్పి చూసినాను. "అమ్మా మాబున్నీ, మిషను తిక్కది. నువ్వు ‘ఎక్కడ’ అని పలుకు తల్లీ."

"మా నాయన... ఎక్క... ఎక్కడ..." అని ఆమె ఆగిపోయింది. తర్వాత ఏడుపే. నాయన తప్పిపోయిన బిడ్డకు నేను పలుకు దిద్దుతున్నాను. నా చెవి మెలిపెట్టిన అయ్యవారు గుర్తుకు వచ్చినాడు.

మైకును మళ్ళీ చేత్తో మూసి, "ఆపు మంజూ దాన్ని" అన్నాను.

"మొత్తం కంప్యూటరే ఆపాల్సి వస్తుంది అవ్వా, ఇంటర్నెట్‌కు పోయేది కూడా దాంట్లో నుంచే. ఆపితే యాడ్‌లన్నీ పోతాయి, ఫోన్లో వినేవాళ్ళకు మనం వినపడం. ధర్మవరం, హిందూపురం అన్నీ పోతాయి. కొండ చుట్టూ గాలిలో మాత్రమే ఉంటాం. వరుణ్ సార్‌ను అడగాలి."

ఖాదర్ సార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. గోడ మీద నారింజ రంగు పోస్టరు వైపు ఒకసారి చూసినాడు. ఎంత ఆశతో అతికించినాడో నాకు తెలుసు.

"నేను ఎన్నో అంగళ్ళు మూసినాను" అన్నాడు. "ఇది మూసేదానికి ఎవర్నో అడగాల్నా?" గోడకున్న కంప్యూటర్ ప్లగ్గు ఆయనే పీకేసినాడు. మంజు ఫోనును, మైకును మిషను రాకముందు వాడి మూలన పడేసిన పాత పెట్టెకు తగిలించినాడు.

కళాయీ

మాబున్ని ఇంకా లైన్లోనే ఉంది. చొక్కా రంగేమి అని ఖాదర్ సార్ కాగితం మీద రాసి చూపించినాడు. అడిగినాను. తెల్ల చొక్కా, గళ్ళ లుంగీ. మా పక్క ముసలోళ్ళలో సగం మంది అదే.

"మీ నాయన ఏం పని చేసేవాడమ్మా?"

"కళాయి పూసేవాడవ్వా. రైలు దిగి ఊరూరూ తిరిగేవాడు."

ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఇత్తడి పాత్రల్లో పులుసు చిలుం పట్టకుండా లోపల తగరం పూత పూసేవాళ్ళు, అది కళాయి. వీధిలోకి కళాయి ఆయప్ప వచ్చినాడంటే గంగాళాలు, గుండిగలు బయటికి వచ్చేవి. స్టీలు వచ్చింది, ఆ అరుపు పోయింది.

"వీధిలోకి వచ్చి ఎట్ల అరిచేవాడు?"

"ఇప్పుడు కూడా ఇంట్లో అరస్తాంటాడవ్వా, పనికి పోవాలని."

"అయితే అట్లే అరుచు."

"రేడియోలోనా?"

"రేడియోలోనే. నువ్వు సిగ్గుపడితే మీ నాయన దొరకడు."

కాసేపు ముక్కు ఎగబీల్చిన శబ్దం. తర్వాత అరిచింది. ఆడగొంతే, కానీ సాగదీత అంతా నాయనదే అయి ఉంటుంది. "కళాయీ... బిందెలకూ గంగాళాలకూ కళాయీ... పాత్రలు తెస్తారా తల్లీ..."

వరుణ్ పుస్తకంలో ఎర్ర అక్షరాలతో ఉన్న పాపమంతా మేము ఆ మధ్యాహ్నం కూర్చొని చేసినాము. కొండ చుట్టూ ఊళ్ళన్నిటికీ వట్టి నిశ్శబ్దం పంపించినాము. అది ఎంతసేపో నేను చెప్పలేను. ఖాదర్ సార్ నుదురు తుడుచుకుంటూనే ఉన్నాడు.

రెండో ఫోను మోగింది.

"అవ్వా, ఎర్రమంచి నుంచి, టీ అంగడి నరసింహులు. మా అంగట్లో మీ రేడియో పెట్టి ఉంటి. ఈడ కార్ల ఫ్యాక్టరీ గేటు ముందర పొద్దున్నుంచి ఒక ముసలాయప్ప ‘కళాయీ’ అనుకుంటా తిరగతాండాడు. షిఫ్టు దిగిన పిల్లోళ్ళు ఏదో ఐసు పేరనుకొని ‘ఎంత తాతా’ అని అడగతాండారు."

"తెల్ల చొక్కా?"

"చొక్కా ఇడిసిపెట్టవ్వా. ఇప్పుడు రేడియోలో ఆయమ్మ అరిచింది సూడు, ఈయప్ప అంగట్లోకి వచ్చి నా రేడియో పెట్టెకు తిరిగి జవాబు అరిచినాడు!"

ఎర్రమంచి మా కొండకు దగ్గరే, అక్కడ ఇంటింటా గంగాళాలు ఉన్న రోజుల్లో హుసేనప్ప ఆ ఊరికి పోయేవాడంట. కాళ్ళకు గుర్తుంది. పోయి చూస్తే ఇళ్ళ ముందర కార్లు నిలబడి ఉన్నాయి, పాత్రలు తెచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

నరసింహులు తన ఫోను ఆయన చేతికి ఇచ్చినాడు. మంజు రెండు లైన్లూ కలిపినాడు.

"నాయనా!" అంది మాబున్ని. "నాయనా, యాడుండావు?"

ఏదో ఒకటి మోగుతుందని నా ఒళ్ళు ఎదురుచూసింది. అలవాటు అట్లాంటిది. ఏమీ మోగలేదు.

ఫోనులో గాలి, టీ గ్లాసుల చప్పుడు. తర్వాత ముసలాయన గొంతు, కొంచెం విసుగ్గా:

"ఈడే ఉండాను గదమ్మా. నువ్వే యాడికో పోయినావు."

ఇంక రేడియో సంగతి

చెవి మందగించినాక నేను పని మానేసినాను. మాట్లాడలేక కాదు, అది ఇంకా చేయగలను, మా కోడలిని అడగండి. వినలేని మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం దండగ.

ఇప్పుడు అందులో మంజు కూర్చుంటున్నాడు. "యాడి నుంచి మాట్లాడతాండారు?" అని మొదలుపెడతాడు. వాళ్ళమ్మ ఫోను చేస్తే స్టూడియోలోనే ఎత్తుతాడు. మిషను మళ్ళీ పెట్టినారు. ఇప్పుడు అది మాటలు వినదు, మీట నొక్కితేనే యాడ్ వేస్తుంది. మీట నొక్కడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. ఇంత దూరం తిరిగి మేము ఎక్కడికి చేరినామో చూడండి.

రేడియో ఉంటుందా, పోతుందా అని అడుగుతారు. ఖాదర్ సార్ ఇంకా అందులోనే ఉన్నాడు కాబట్టి పోయేటట్లే ఉంది. కానీ ప్రతివాళ్ళ చేతిలోనూ మాట్లాడే వస్తువు ఒకటి ఉన్న ఈ కాలంలో, ఎక్కడున్నావు అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకొని కూర్చునే చోటు ఇంకొకటి నాకు కనపడలేదు. మీరు ఆ పని చేయగలిగితే రండి. నవ్వితే వినపడుతుందా లేదా అనేది తర్వాత చూసుకోవచ్చు.

వరుణ్ మర్యాదస్తుడని ముందే చెప్పినాను. జరిగిన సంగతి తెలిసి పరిగెత్తుకొని వచ్చినాడు. పాత పెట్టెలో రికార్డయిన ఆ నాయనా కూతుళ్ళ మాట తిప్పి తిప్పి విన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకున్నాక "ఇదే మన బ్రాండ్!" అన్నాడు. రోజూ ప్రతి గంటకూ వేద్దామన్నాడు. టక్‌టాక్ తీసేద్దామన్నాడు. కొత్త కప్పులు చేయిద్దామన్నాడు.

"అది నీ మాట కాదు, నా మాట కాదు. ఆయమ్మను అడుగు" అన్నాను. ఆయన అడగలేనన్నాడు. నేనే ధర్మవరానికి పాసింజరు రైల్లో పోయినాను. మాబున్ని వాకిట్లో నూలు చుడుతోంది. హుసేనప్ప పక్కన కూర్చొని, పక్కింటి స్టీలు బిందెను తిప్పి తిప్పి చూస్తున్నాడు, పూత ఎక్కడ పోయిందా అని.

సంగతంతా చెప్పినాను. ఆమె నూలు ఆపకుండా విన్నది.

"వేసుకోండవ్వా" అంది. "ఎనకాల యాడ్ మాత్రం ఎయ్యొద్దండి."

అట్లే వేస్తున్నారు. ఇప్పటికీ మీరు మా రేడియో పెడితే గంట గంటకూ వినపడుతుంది. నాయనా యాడుండావు అని ఆమె అడుగుతుంది. ఈడే ఉండాను గదమ్మా అని ఆయన అంటాడు. ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. టీ గ్లాసులు, గాలి, అంతే. ఆ ఖాళీని కొనుక్కోవడానికి ఎవరన్నా వస్తారేమో అని వరుణ్ ఇంకా తిరుగుతున్నాడు.